కారు రంగు మీది సన్నగీతలు – ఒక పెన్షనరు అనుభవం

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము. – సం.)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు, ఏ విషయం మీద అని అడిగాను. "డి.ఏ. మీద, మెడికల్ బిల్లుల మీద మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీకు తెలిసింది ఏదైనా చెప్పండి" అన్నారు. ముప్పై అయిదేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాడికి ఫైళ్ళు తప్ప ఏం తెలుస్తుంది? అయినా రెండేళ్ళ క్రితం ఒక పని నేర్చుకున్నాను. కారు రంగు మీద పడే సన్నగీతలను, తెల్లటి మసకను పోగొట్టే పని. ఇదేం ప్రసంగ విషయమని మీరు నవ్వవచ్చు. మన సభ్యులలో చాలామంది ఇళ్ళ ముందు ఇప్పుడు కారు ఉన్నది. పిల్లలు కొనిపెట్టినదో, పై దేశం పోతూ వదిలి వెళ్ళినదో, మనమే గ్రాట్యుటీలోంచి కొన్నదో. అందువల్ల ఉపయోగపడుతుందని చెబుతున్నాను. ఇంకొక కారణం కూడా ఉన్నది. దానిని చివర మనవి చేస్తాను.

నేను ఉండేది సాతంరాయిలో. మీకు తెలిసినదే, ఆరాంఘర్ దాటి శంషాబాదు పోయే బెంగుళూరు రోడ్డు మీద ఉంటుంది. ఆ రోడ్డును అప్పట్లో 7వ నంబరు జాతీయ రహదారి అనేవాళ్ళం, ఇప్పుడు 44వ నంబరు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం మొదలయింది, అదే సంవత్సరం నేను పదవీ విరమణ చేశాను. అప్పటినుంచి ఆ రోడ్డు మీద పని ఆగినది లేదు. ఇళ్ళు, గోదాములు, హోటళ్ళు, రోడ్డు వెడల్పు, ఏదో ఒకటి కడుతూనే ఉన్నారు. అందువల్ల మా వీధికి దుమ్ముకు కొదవ లేదు. సాయంత్రం తుడిచిన అరుగు తెల్లవారేసరికి పిండి జల్లినట్టు ఉంటుంది.

2017 దసరాకు నేనూ మా అబ్బాయీ కలిసి ఒక కారు కొన్నాము. చిన్న కారే, కాని నల్లరంగు. నలుపు వద్దని మా ఇంటావిడ అన్నది, దుమ్ము కనిపిస్తుందని. నేను వినలేదు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తెల్ల అంబాసిడర్లే చూశాను, అవీ పై అధికారులవి. తలుపు తీసి పట్టుకోవడమే గాని లోపల కూర్చున్నది తక్కువ. అందుకని నా సొంత కారు తెల్లది కాకూడదని పట్టు పట్టాను. కారు వచ్చిన రోజునుంచి దానికి నేను చేసిన సేవ ఇంతా అంతా కాదు. తెల్లవారుజామున ఒకాయన సైకిలు మీద వచ్చి నీళ్ళతో కడిగి పోయేవాడు. మా వీధిలో నాలుగైదు ఇళ్ళకు ఆయనే కడిగేవాడు. సాయంత్రం ఆరు గంటలకు నేను పసుపుపచ్చని డస్టరు గుడ్డ తీసుకుని, పొడిగా, కారంతా తుడిచేవాడిని. ఆరు సంవత్సరాలు ఒక్క సాయంత్రం తప్పలేదు. అటెండెన్సు రిజిస్టరులో కూడా నా సంతకం అంత సక్రమంగా లేదు.

2023లో ఉగాది వెళ్ళిన తరువాత మా ఇంటి ముందు స్తంభానికి ట్యూబులైటు తీసి ఎల్.ఇ.డి. దీపం పెట్టారు. ఆ రాత్రి గేటు వేద్దామని వచ్చి చూస్తే నా గుండె ఝల్లుమన్నది. బోనెట్టు మీద దీపం నీడ పడిన చోట చుట్టూ సాలెగూడు లాగా వందల గీతలు. తలుపు దగ్గరకు జరిగితే అక్కడా అంతే. పక్క దినం తెల్లవారి ఆ కడిగే ఆయన రాగానే నిలదీశాను. ఇసుక గుడ్డతో రుద్దావని, ఆరేళ్ళ కారును పాడు చేశావని అన్నాను. "సారూ, నేను గీకలె, మస్తు నీళ్ళు వోసి కడుగుత" అన్నాడాయన. నేను వినలేదు. ఆ నెల జీతంలో రెండు వందలు కోసి, రేపటినుంచి రావద్దన్నాను. "ఆరేండ్ల సంది వస్తున్నడు, ఒక్క మాట అడిగి చూడరాదా" అని మా ఇంటావిడ అన్నది. అడిగేదేముంది, గీతలు కనిపిస్తూనే ఉన్నాయి గదా అన్నాను. అంతటితో ఊరుకోక ఇరుగు పొరుగు వారికి కూడా చెప్పాను.

ఇక ఆ గీతలు ఏమిటో ముందు చెబుతాను.

మన చిన్నతనంలో బండ్లకు, పాత కార్లకు ఒకే రంగు పూత ఉండేది. రుద్దితే గుడ్డకు ఆ రంగే అంటేది. అంతకు ముందు, కార్లు వచ్చిన మొదటి రోజుల్లో, బగ్గీలకు వేసినట్టే వార్నిషు పూతల మీద పూతలు వేసి ఆరబెట్టేవారు. ఒక కారుకు రంగు పూర్తి కావడానికి వారాలు పట్టేది. 1920ల్లో అమెరికాలో త్వరగా ఆరే నైట్రోసెల్యులోజ్ లాకరు వచ్చిన తరువాత ఆ వారాలు రోజులయ్యాయి. ఇప్పటి కార్ల సంగతి వేరు. ఇనుప రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికీ పైన రంగు లేని పారదర్శకమైన పూత ఒకటి ఉంటుంది. దానినే క్లియర్ కోటు అంటారు. మెరుపంతా దానిదే. ఎండనుంచి, వాననుంచి కింది రంగును కాపాడేదీ అదే. దాని మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, కారు మెరుపంతా వెంట్రుక కన్నా పలచటి పొరలో ఉన్నదన్న మాట.

ఆ పొర మీద పడిన అతి సన్నని గీతలే ఈ సాలెగూటి గీతలు. అవి నిజానికి గుండ్రంగా ఉండవు. ఎటు పడితే అటు ఉంటాయి. దీపం ఒక బిందువులాగా ఉన్నప్పుడు, ఆ వెలుగుకు అడ్డంగా ఉన్న గీతలే మెరిసి మన కంటికి తగులుతాయి. అందుకని దీపం చుట్టూ చక్రాలు తిరిగినట్టు కనిపిస్తాయి. దీపాన్ని జరిపితే చక్రం కూడా జరుగుతుంది. అనుమానం ఉంటే ఇంటికి వెళ్ళి, పీచుతో తోమి తోమి పాతబడ్డ స్టీలు కంచాన్ని బల్బు కింద పట్టి చూడండి. ట్యూబులైటు వెలుగు పరచుకుని ఉంటుంది కాబట్టి ఈ గీతలను దాచిపెడుతుంది. ఎండ, ఎల్.ఇ.డి., సెల్‌ఫోను టార్చి బయటపెడతాయి. అంటే గీతలు ఆ రాత్రి పుట్టినవి కావు. ఏళ్ళ తరబడి ఉన్నవి ఆ రాత్రి నాకు కనిపించాయి. ఈ సంగతి అప్పుడు నాకు తెలియదు.

తెలియక చేసిన రెండో తప్పు చెబుతాను. ఆ ఎండాకాలంలో రోడ్డు పక్క ఒక షాపుకు కారు తీసుకుపోయాను. పేరు ఎందుకు లెండి. పైకప్పు ఎవరు చూస్తారులే అని బేరమాడి బోనెట్టుకు, డిక్కీకి, తలుపులకు మాత్రమే మూడున్నర వేలకు మాట్లాడుకున్నాను. ఎర్రటి ఎండలో కారు నిలబెట్టి, ముతక కాంపౌండు పూసి, ఉన్ని బిళ్ళ తగిలించిన పెద్ద యంత్రంతో గంటలో రుద్ది ఇచ్చారు. అద్దంలాగా మెరిసింది. మా అబ్బాయికి ఫోటో పంపించాను. మూడు నాలుగు కడుగులు అయ్యేసరికి ఆ మెరుపు పోయి, నల్లరంగు మీద పాలనీళ్ళు చల్లినట్టు తెల్లని మసక మిగిలింది. ఎండలో చూస్తే యంత్రం తిరిగిన చోటల్లా అలలు అలలుగా చారలు.

కారణం తరువాత తెలిసింది. వడ్రంగి చెక్కను ముందు చిత్రిక పడతాడు, తరువాత ముతక ఉప్పుకాగితం, ఆ తరువాత నున్నటి ఉప్పుకాగితం పడతాడు. ముతక దానితో ఆపేస్తే చెక్క గరుకుగా ఉంటుంది. రంగుకూ అంతే. ముతక కాంపౌండు పాత గీతలను తీసివేస్తుంది గాని తన గీతలను తాను పెట్టి పోతుంది. వాటిని నున్నటి పాలిష్‌తో తీయాలి. షాపువాళ్ళు ఆ రెండో పని చేయలేదు. నూనె ఎక్కువ ఉన్న పాలిష్ పూసి ఆ గరుకును నింపారు. నూనె ఉన్నన్నాళ్ళు మెరిసింది, షాంపూతో పోయింది, కింది మసక బయటపడింది. మసక అంటే వేరే జబ్బు కాదు, విడివిడిగా కంటికి ఆననంత సన్నని గీతలు దట్టంగా ఉండటమే.

ఇప్పుడు నాకు గురువు దొరికిన సంగతి. మా వీధి చివర ఒక కుర్రవాడు ఉన్నాడు. విమానాశ్రయానికి టాక్సీ తిప్పుతాడు. అయిదేళ్ళుగా తిప్పుతున్నా బండి కొత్తదిలాగే ఉంటుంది. 2023 నవంబరులో, లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చి వస్తూ అతని బండి ఎక్కాను. ఆ మాటా ఈ మాటా వచ్చి నా గోడు చెప్పుకున్నాను. ఆ రాత్రి అతను మా ఇంటికి వచ్చి సెల్‌ఫోను టార్చి వేసి కారు చుట్టూ తిరిగాడు. తరువాత మా అరుగు మీది ముక్కాలిపీట తెచ్చుకుని ఎక్కి పైకప్పు చూశాడు. చూసి నన్ను పిలిచాడు.

"పెద్దసారూ, ఒక్కసారి పీట ఎక్కుండ్రి, నేను పట్టుకుంట. ఇటు జూడుండ్రి."

చూశాను. పైకప్పు అంచుల వెంట మూరెడు వెడల్పున అదే సాలెగూడు. నడిమధ్యన మాత్రం ఒక్క గీత లేదు. కొత్త కారులాగా నల్లగా, నిండుగా ఉన్నది.

"నడుమ ఎవరు తుడుస్తరు సార్?" అని అడిగాడు.

నేను జవాబు చెప్పలేదు. నేను పొట్టివాడినని మీ అందరికీ తెలుసు. నా చెయ్యి అంచుదాకానే అందుతుంది. నడిమధ్యన తుడిచేది, స్టూలు వేసుకుని నీళ్ళు పోసి కడిగే ఆయన ఒక్కడే. ఆయన చెయ్యి తగిలిన చోట గీత లేదు. నా చెయ్యి ఎంతవరకు అందిందో గీతలు సరిగ్గా అంతవరకు ఉన్నాయి.

సభ్యులారా, నేను పది సంవత్సరాలు క్రమశిక్షణ చర్యల సెక్షనులో పనిచేశాను. 1991 నాటి సి.సి.ఏ. రూల్సు వచ్చినప్పుడు 20వ రూలు నాకు కంఠతా వచ్చేది. ఛార్జి మెమో ఇవ్వాలి, సంజాయిషీ తీసుకోవాలి, విచారణ జరపాలి, అప్పుడు గాని పెద్ద శిక్ష వేయకూడదు. ఎన్ని ఫైళ్ళ మీద "విచారణ జరపకుండా శిక్షించుట నియమ విరుద్ధము" అని నోటు రాసి వెనక్కి పంపానో లెక్క లేదు. నా ఇంటి ముందుకు వచ్చేసరికి అభియోగం మోపినదీ నేనే, తీర్పు చెప్పినదీ నేనే, జీతం కోసినదీ నేనే. నేరం చేసినదీ నేనే అని ఆ రాత్రి తేలింది.

పొడిగుడ్డ అంత పని ఎలా చేస్తుందని మీకు అనుమానం రావచ్చు. మన నేల గ్రానైటు నేల. మా ఊరి పేరులోనే రాయి వినిపిస్తుంది. గ్రానైటులో క్వార్ట్‌జు అనే ఖనిజం ఉంటుంది. ఖనిజాల గట్టిదనానికి పది మెట్ల కొలత ఒకటి ఉన్నది, అందులో వజ్రం పది అయితే క్వార్ట్‌జు ఏడు. మామూలు కత్తి ఉక్కును కూడా గీకగలదు. అటువంటి రాతిపొడి కారు మీద కూర్చుని ఉండగా పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. దుమ్ము ఊరికే కూర్చుంటే గీత పడదు, దాన్ని కదిలిస్తేనే పడుతుంది. కడిగే ఆయన నీళ్ళు పోసి దుమ్మును జార్చేవాడు, నేను ప్రేమతో రుద్దేవాడిని.

ఇక బాగు చేసిన విధానం. డిసెంబరులో రెండు రోజులు ఉదయం పూట, నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు చేశాము. వరుసగా చెబుతాను. మీ పిల్లలకో డ్రైవరుకో కూడా పనికి వస్తుంది.

మొదటిది, కడగడం. రెండు బకెట్లు కావాలి. ఒక దానిలో కార్ల షాంపూ నీళ్ళు, రెండో దానిలో మంచినీళ్ళు. ముందు పైపుతో దుమ్మంతా జారిపోయేటట్టు నీళ్ళు పోయాలి. తరువాత మెత్తని మైక్రోఫైబర్ గుడ్డను షాంపూలో ముంచి, పైకప్పునుంచి కిందికి, బరువు వేయకుండా తుడవాలి. కాస్త తుడిచాక గుడ్డను మంచినీళ్ళ బకెట్టులో జాడించి మళ్ళీ షాంపూలో ముంచాలి. ఇసుక ఆ బకెట్టు అడుగున మిగులుతుంది, మళ్ళీ కారు మీదికి రాదు. చక్రాలకు వేరే గుడ్డ, వేరే నీళ్ళు. బట్టల సబ్బు పొడి, అంట్ల సబ్బు వాడవద్దు. మన బోరునీళ్ళు చాలాచోట్ల కఠిన జలం. ఎండలో ఆరనిస్తే తెల్లచుక్కలు పడతాయి. వెంటనే గుడ్డ పరచి అద్దాలి, రుద్దకూడదు.

రెండవది, మట్టిముద్ద. క్లే బార్ అని అమ్ముతారు. కడిగిన కారు మీద, చేతికి పలచని ప్లాస్టిక్ సంచి తొడుక్కుని నిమిరి చూడండి. గరుకుగా తగిలితే రంగులో ఏదో అతుక్కుని ఉన్నదని అర్థం. షాంపూ నీళ్ళు బాగా చల్లుతూ ఈ ముద్దను జారుస్తూ పోతే అదంతా ముద్దకు అంటుకుని వస్తుంది. ముద్ద నేల మీద పడితే మళ్ళీ వాడవద్దు. పది రూపాయలు ఆదా చేద్దామని చూస్తే పది కొత్త గీతలు వస్తాయి.

మూడవది, గోటి పరీక్ష. గీతకు అడ్డంగా గోరు మెల్లగా జరపండి. గోరు తట్టుకుంటే గీత లోతు ఎక్కువ, పాలిష్‌తో పోదు, దాని జోలికి పోవద్దు. గోరుకు తగలకపోతే పోయే అవకాశం ఉన్నది.

నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఒక మూల అడుగు చదరం జాగాలో ముందు చేసి చూడాలి. ఉన్న వాటిలో అన్నిటికన్నా మెత్తని పాలిష్, అన్నిటికన్నా మెత్తని స్పాంజి బిళ్ళతో మొదలుపెట్టాలి. అది చాలితే కారంతా దానితోనే చేయాలి. చాలకపోతేనే ఒక మెట్టు పైకి వెళ్ళాలి. మనం చేసేది అందుకు విరుద్ధంగా ఉంటుంది, గట్టి మందుతో మొదలుపెడతాము. నా కారుకు మెత్తనిదే చాలింది.

అయిదవది, పాలిష్ పట్టడం. తలుపుల అంచులకు, రబ్బరుకు, ప్లాస్టిక్‌కు కాగితపు టేపు అంటించాలి. అంచుల దగ్గర పూత పలచగా ఉంటుంది, తొందరగా అరిగిపోతుంది. కొద్దిపాటి మసక అయితే చేత్తో కూడా పోతుంది, కాని మన వయస్సుకు భుజాలు పోతాయి. ఆ కుర్రవాడు స్నేహితుడి దగ్గరనుంచి డ్యూయల్ యాక్షన్ యంత్రం తెచ్చాడు. షాపులోని యంత్రం ఒకే చోట గిర్రున తిరిగి వేడి పుట్టిస్తుంది. ఇది తిరుగుతూ ఊగుతుంది కాబట్టి తెలియనివాడి చేతిలో కూడా హాని తక్కువ. స్పాంజి బిళ్ళ మీద శనగగింజలంత నాలుగు చుక్కలు పాలిష్ వేసి, రెండు అడుగుల చదరం మాత్రమే తీసుకుని, యంత్రం బరువు తప్ప మన బరువు వేయకుండా, మెల్లగా నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, వరుస మీద వరుస సగం ఎక్కేటట్టు నాలుగైదు సార్లు తిప్పాలి. నేను మొదట్లో బరువు వేస్తుంటే, "సార్, గది దాని పని అది జేస్తది, మీరు ఊకె పట్టుకోండ్రి" అని కోప్పడ్డాడు. కొంతసేపటికి బిళ్ళకు అరిగిన పూత, పాలిష్ పట్టి గట్టిపడుతుంది. దానిని శుభ్రం చేయాలి, లేదా మార్చాలి. మురికి బిళ్ళతో చేస్తే మసక తీస్తూ మసక పెట్టినట్టే.

ఆరవది, తనిఖీ. పాలిష్‌లోని నూనె గీతలను దాచిపెడుతుందని ముందే చెప్పాను. అందుకని ఐసోప్రొపైల్ ఆల్కహాలు నీళ్ళలో పలచగా కలిపి ఆ జాగాను తుడిచి, నూనె పోయిన తరువాత టార్చి వేసి చూడాలి. అప్పుడు కనిపించేదే నిజం. షాపునుంచి కారు తీసుకునేటప్పుడు కూడా ఇది చేయించి చూసి డబ్బులు ఇవ్వండి.

చివరిది, మైనం. కారుకు పూసే మంచి మైనంలో బ్రెజిలులో పెరిగే కార్నౌబా అనే తాటిజాతి చెట్టు ఆకులనుంచి తీసిన మైనం ఉంటుంది. పలచగా పూసి, ఆరిన తరువాత మెత్తని గుడ్డతో తీసివేయాలి. మైనం గీతలను పోగొట్టదు. ఉన్న మెరుపును కొన్నాళ్ళు కాపాడుతుంది, అంతే. మైనం వేస్తే గీతలు పోతాయని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ఇంత చేసిన తరువాత కారు ఎలా ఉన్నదని అడుగుతారు. ఎండలో నిలబెట్టి చూస్తే ఆకాశం కనిపించింది. మసక పూర్తిగా పోయింది. గీతలు నూటికి ఎనభై పోయాయి. తలుపు పిడి దగ్గర రెండు లోతైన గీతలు మిగిలాయి. వాటిని కూడా తీసేద్దామని నేను పట్టు పడితే ఆ కుర్రవాడు ఒప్పుకోలేదు. ఎందుకంటే పాలిష్ అంటే ఏదో పూయడం కాదు, పై పూతను అరగదీయడం. గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పూతను అరగదీస్తేనే గీత పోయినట్టు కనిపిస్తుంది. మెత్తని పాలిష్‌కు ఒకటి రెండు మైక్రాన్లు పోతాయి, ముతక కాంపౌండుకు ఇంకా ఎక్కువ. ఉన్నవే నలభై యాభై. మన లెక్కలో చెప్పాలంటే అది పెన్షను కమ్యూటేషను లాంటిది. మనము కమ్యూట్ చేసుకున్న భాగం పదిహేను సంవత్సరాలకు తిరిగి కలుస్తుంది, నాకు 2023లో కలిసింది. క్లియర్ కోటుకు అటువంటి జి.ఓ. లేదు. పోయింది పోయినట్టే. అందుచేత ఏటేటా పాలిష్ చేయించవద్దు. ఒకసారి బాగు చేసుకుని, తరువాత గీతలు పడకుండా చూసుకోవడమే మార్గం. దుమ్ము పడితే ఉండనివ్వండి, నీళ్ళు పోసేదాకా ముట్టుకోవద్దు. పక్షి రెట్ట వేస్తే తడిగుడ్డ కాసేపు వేసి నానబెట్టి తీయండి. దుమ్ము ఉన్న కారు మీద కవరు కప్పవద్దు, గాలికి ఆ కవరే రుద్దుతుంది.

ఇక చివర చెబుతానన్న మాట.

కారు బాగుపడిన మరునాడు ఆ కడిగే ఆయన ఇల్లు వెతుక్కుంటూ పోయాను. ముందు పొమ్మన్నది మా ఇంటావిడే. "కారు మెరిసింది సరే, ఆ రెండు వందల సంగతేంది?" అన్నది. ఆయన ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడి కుర్చీ వేశాడు. నేను కూర్చోలేకపోయాను. తప్పు నాదేనని, గీతలు పెట్టింది నా గుడ్డేనని చెప్పి, కోసుకున్న డబ్బు చేతిలో పెట్టాను. ఆయన తీసుకుని, "పోనీ సార్, గా ముచ్చట ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు. తరువాత నెమ్మదిగా అసలు సంగతి చెప్పాడు. నేను మానిపించిన వారంలోనే మా వీధిలో ఇంకో రెండిళ్ళవాళ్ళు కూడా మానిపించారట. పెద్దమనిషి, గవర్నమెంటులో చేసిన సారు చెప్పాడు గదా అని. తొమ్మిది నెలలు ఆ మూడిళ్ళ డబ్బు ఆయనకు లేదు. నా రెండు వందల లెక్క నాకు గుర్తున్నది గాని ఈ లెక్క నా దగ్గర లేనే లేదు.

ఆయనను వెంటబెట్టుకుని ఆ రెండిళ్ళకూ పోయాను. పొడిగుడ్డ సంగతి, పైకప్పు సంగతి చెప్పాను. ఒకరు మర్నాటినుంచే రమ్మన్నారు. ఇంకొకరు అప్పటికే వేరేవాళ్ళను పెట్టుకున్నామన్నారు. వారిని తప్పు పట్టలేను. మా ఇంటికి మాత్రం ఆయన మళ్ళీ వస్తున్నాడు. రెండో బకెట్టు సంగతి చెబితే, ఇప్పుడు అన్ని ఇళ్ళలోనూ అలాగే కడుగుతున్నాడు. సాయంత్రం ఆరు గంటలకు నా చెయ్యి ఇప్పటికీ గుడ్డ కోసం వెతుకుతుంది. మా ఇంటావిడ ఆ గుడ్డను దాచిపెట్టింది.

ఆ మాట నేను మా వీధిలోనే గాక ఈ సభలో కూర్చున్న ఒకరిద్దరు మిత్రులతో కూడా అన్నాను. "కార్లు కడిగేవాళ్ళను నమ్మవద్దు, నా కారు చూడండి" అని. నాకు గుర్తున్నది, వారికి కూడా గుర్తుండవచ్చు. ఎంతమంది దగ్గర అన్నానో అంతమంది దగ్గర వెనక్కి తీసుకోవాలి గదా. అందుకని కార్యదర్శిగారు మాట్లాడమన్నప్పుడు ఈ విషయం ఎంచుకున్నాను. ఆ మాటను ఈ సభాముఖంగా ఉపసంహరించుకుంటున్నాను. మినిట్స్ పుస్తకంలో రాసుకోవలసిందిగా కార్యదర్శిగారిని కోరుతున్నాను.

మీలో ఎవరి కారు మీదనైనా ఇటువంటి గీతలు కనిపిస్తే, కడిగేవాడినో డ్రైవరునో పిలిచే ముందు ఒక పీట వేసుకుని పైకప్పు నడిమధ్యన చూడండి. పీట ఎక్కేటప్పుడు ఎవరినైనా పట్టుకోమనండి, మన వయస్సుకు అది కూడా ముఖ్యమే.